కొత్త కార్డు, పాత పేరు

ఆ ఆదివారం ఉదయం ఎల్బీ నగర్‌లోని ఒక కాలనీ వయోధికుల సంఘం హాలుకు హాజరైనవారు, వచ్చిన వరుసలో వీరు: తాళం చెవి తన దగ్గరే ఉంటుంది కనుక అందరికంటే ముందు కార్యదర్శి వెంకట్రావు, ఆ వెనకే, చదరంగం ఆడవలసిన సీతారాములు, పిదప అధ్యక్షులు లింగస్వామి, చివరగా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో మారి వచ్చిన అరుణజ్యోతి. కుర్చీల దగ్గర మాత్రం ఈ వరుస నిలవలేదు. అరుణజ్యోతి తిన్నగా వెళ్లి ఫ్యాను కింది కుర్చీలో కూర్చున్నారు. అది అధ్యక్షులవారి కుర్చీ.

పదకొండు గంటలకు వనస్థలిపురం సంఘంతో ఆన్‌లైన్‌లో చదరంగం పోటీ. ఇళ్ల నుంచి ఆడితే మనవల సాయం తీసుకుంటారని ఉభయ పక్షాలూ అనుమానించి, ఎవరి హాలులోని కంప్యూటరు మీద, ఆ హాలు లైనుతోనే వారు ఆడాలని, ఫోను నెట్ వాడితే చెల్లదని ముందే నియమం పెట్టుకున్నాయి. వేళకు కనెక్షన్ రాకపోతే ఎత్తు వేయకుండానే ఓటమి. నిరుడు అక్కడి సాంబమూర్తి చేతిలో ఓడిపోయిన సీతారాములు అప్పటి నుంచీ ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నారు.

వెంకట్రావు కంప్యూటరు ఆన్ చేశారు. తెర వెలిగింది. నెట్ రాలేదు.

అందులో పెంగ్విన్ బొమ్మ గుర్తుగా ఉండే లినక్స్ పెట్టించినది ఆయనే. బీమా సంస్థలో పదవీ విరమణ చేసిన తరువాత పట్టుబట్టి నేర్చుకున్న విద్య అది. మిగతా సభ్యులు అందరిలాగా విండోస్ పెట్టిద్దామంటే, ‘‘దీనికి పూచీ నాది’’ అని నిండు సభలో పలికారు. ఆ మాట ఇప్పుడు ఆయన చెవుల్లోనే గింగురుమంటోంది.

‘‘ఏంది సార్, మీ పెంగ్విన్ ఇంక నిద్ర లేవలేదా?’’ అన్నారు లింగస్వామి.

‘‘ఎగతాళి తరువాత, అధ్యక్షా. దేనికైనా ఒక క్రమం ఉంటుంది. ముందు కేబుల్ చూద్దాం, ఆ తరువాత రౌటరు, ఆపైన కంప్యూటరు.’’

కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించారు. వెనక పచ్చదీపం నిక్షేపంగా మినుకుమంటోంది. అయినా అనుమానం తీరక లింగస్వామిని పంపి మెట్రో కింది దుకాణం నుంచి కొత్త కేబుల్ తెప్పించారు. ఫలితం అదే. రౌటరును పరీక్షించడానికి లింగస్వామి తన ఫోనును దాని వైఫైకి కలిపారు. ఎవరో వంకాయ కూర వండే వీడియో హాలంతా మారుమోగింది.

‘‘లైను మంచిగనే ఉన్నది సార్!’’

వెంకట్రావు ముఖం వాడిపోయింది. లైను బాగుంటే తప్పు కంప్యూటరులో ఉన్నట్టే.

అంతలో సాంబమూర్తి నుంచి ఫోను. ‘‘ఏమండీ రావుగారూ, మేం కాఫీ కూడా తాగేసి కూర్చున్నాం. ఓటమి తెర మీద ఒప్పుకుంటారా, ఫోనులోనే కానిచ్చేస్తారా?’’

‘‘ఇంకా వేళ మించలేదండీ’’ అని వెంకట్రావు టక్కున పెట్టేశారు.

‘‘పరేషాన్ గాకుండ్రి రావు సాబ్. పోతే ఒక్క ఆటనే కద’’ అన్నారు సీతారాములు. నోరు అలా అంటున్నా, ఆయన చెయ్యి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న చెక్కగుర్రాన్ని వదలడం లేదు.

అప్పుడు అరుణజ్యోతి కల్పించుకున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా తపాలా శాఖలో పనిచేసి పోస్టుమాస్టరుగా దిగిపోయిన మనిషి.

‘‘మొన్న నెట్టు ఒచ్చిందా సార్?’’

‘‘దివ్యంగా వచ్చిందండీ.’’

‘‘మరి నిన్న దీన్నేం జేసిన్రు?’’

‘‘ఏమీ చేయలేదు. ఆట పెద్ద టీవీలో అందరికీ కనబడాలని లోపల డిస్‌ప్లే కార్డు ఒకటి బిగించాను, అంతే. దానికీ నెట్‌కూ సంబంధం లేదు.’’

‘‘సంబంధం లేదని మీరంటున్నరు. అది అంటున్నదా? నెట్టు కార్డును కంప్యూటరు ఏమని పిలుస్తున్నదో, మీరు రాసిన సెట్టింగుల ఏమున్నదో రెండూ జర సదువుండ్రి. పైకి సదవాలె.’’

వెంకట్రావు అయిష్టంగానే రెండూ పక్కపక్కన తెరిచారు. నెట్ కార్డు పేరులో ఓ అంకె ఉంటుంది. అది కార్డు ఉన్న చోటును బట్టి లినక్స్ ఇచ్చుకునే అంకె.

‘‘కంప్యూటరు చూపిస్తున్నది మూడు. నేను రాసినది...’’ ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు. ‘‘రెండు.’’

‘‘గిదే! మా ఉత్తరాల బీట్ల ఒక గల్లీ నడుమ కొత్త ఇల్లు లేసింది. దాని తర్వాత ఇండ్లన్నిటికీ నంబర్లు మారినయ్. ఉత్తరాలు మాత్రం పాత నంబర్లకే ఒస్తుండె. మనిషి ఇంట్లనే కూసున్నడు, ఆయన ఉత్తరం వాపసు పోయింది. మీ కొత్త కార్డు గా నడుమ లేసిన ఇల్లే సార్.’’

పేర్లు ఇలా మారగలవన్న సంగతి వెంకట్రావుకు తెలుసు. ఈ హాలులోనే ఒకసారి దాని మీద ఉపన్యసించారు కూడా, అరుణజ్యోతి అది శ్రద్ధగా విన్నారు. రెండును మూడుగా దిద్ది, సెట్టింగులను మళ్లీ అమలు చేశారు. తెర మూలన చిన్న గుర్తు రంగు మార్చుకుంది. మరుక్షణం నలుపూ తెలుపూ గళ్లు పెద్ద టీవీ నిండా పరుచుకున్నాయి.

‘‘కూసో సీతారాములన్నా, కూసో!’’ లింగస్వామి అరిచారు.

పదకొండు కొట్టేసరికి సీతారాములు బంటు రెండు గళ్లు ముందుకు నడిచింది. ఆట భోజనాల వేళ దాటి సాగి డ్రాగా ముగిసింది.

‘‘నిరుడు ఓడిన. గీసారి ఓడలే. ఒచ్చేసారి సాంబమూర్తి సంగతి జూస్త’’ అంటూ ఆయన చెక్కగుర్రాన్ని జేబులో వేసుకున్నారు. ఆ ముఖంలో గెలిచినవాడి కళ ఉంది.

సభ ముగిసే ముందు కార్యదర్శి నివేదించాలి. ‘సాంకేతిక లోపం సకాలంలో సరిచేయబడినది’ అన్న వాక్యం వెంకట్రావు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎవరు సరిచేశారో చెప్పనక్కరలేని వాక్యం. ఆయన ఫ్యాను కింది కుర్చీ వైపు ఒకసారి చూసి, చొక్కా పై గుండీ పెట్టుకుని లేచి నిలబడ్డారు.

‘‘అధ్యక్షా, సభ్యులారా. ఈనాటి లోపం నేను బిగించిన కార్డు వలన ఏర్పడినది. దానిని కనిపెట్టి, మన సంఘాన్ని ఆడకుండా ఓడే అప్రతిష్ఠ నుంచి కాపాడినవారు విశ్రాంత పోస్టుమాస్టరు శ్రీమతి అరుణజ్యోతి గారు. వారి సునిశిత పరిశీలనకు ఈ సంఘం తరఫున, నా తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు నమోదు చేస్తున్నాను.’’