తాళం పడ్డాక దెబ్బ

నేనొక వెదురు లాఠీని. ప్రభుత్వం అంటే నేనేనని చాలాకాలం నమ్మాను. అడవిలో నాతో పుట్టినవాళ్లు బుట్టలయ్యారు, తడికలయ్యారు. నేను మాత్రం నూనె పూయించుకుని జిల్లా జైలుకి ఉద్యోగానికి వెళ్లాను. ఆ గర్వంతో నిటారుగా ఉండేదాన్ని. వెదురు ఎలాగూ నిటారుగానే ఉంటుందని నాకు తోచలేదు.

నన్ను వార్డరు పైడిరాజుకి ఇచ్చారు. అతను నన్ను ఎక్కువగా నడుం నొప్పికి ఊతంగా వాడేవాడు. నాకది పెద్ద అవమానం.

ఆ ఎండాకాలం జైల్లో నీళ్లు రావడం మానేశాయి. ఖైదీలు మొరపెట్టుకున్నారు. జైలరు భుజంగరావు పట్టించుకోలేదు. ఒక ఉదయం వాళ్లు గదుల్లోకి వెళ్లేది లేదని తిరగబడ్డారు. కంచాలు ఎగిరాయి, రాళ్లు పడ్డాయి, జైలరుగారి కళ్లజోడు పగిలింది. ఇన్నాళ్లకి నాకు పని దొరికింది. పైడిరాజు నాతో వాళ్ల కాళ్లమీద కొడుతూ అందరినీ లోపలికి తోశాడు. మధ్యాహ్నానికి అన్ని గదులకీ తాళాలు పడ్డాయి. రాజ్యాన్ని నేనే కాపాడానని మురిసిపోయాను.

అప్పుడు వచ్చాడు భుజంగరావు. సింహాద్రి అనే ఖైదీ గది తెరిపించాడు. పైడిరాజు చేతిలోంచి నన్ను లాక్కున్నాడు. సింహాద్రి కుడిచెయ్యి అడ్డుపెట్టాడు. ఆ చెయ్యి విరిగింది, నా కొస చీలింది. నేను ముందు నా కొస గురించే బాధపడ్డాను. అంత గొప్పదాన్ని!

సింహాద్రి చెయ్యి మళ్లీ పనికి రాలేదు. అతని చెల్లెలు కేసు వేసింది. నన్ను గోనెగుడ్డలో చుట్టి కోర్టుకి తెచ్చారు. అక్కడ నా హోదా ‘చీలిన కర్ర ఒకటి’.

వరండాలో భుజంగరావు పైడిరాజు పక్కన నిలబడ్డాడు. “కర్ర నీ పేరు మీదే ఉంది. నోరు విప్పావో, ముందు మునిగేది నువ్వే.”

లోపల జైలరు తరఫు వకీలు లేచాడు. “అల్లర్లు అణచడం విధి నిర్వహణ. ఆ తోపులాటలో లాఠీ తగిలింది. చట్టం నా క్లయింటుకి రక్షణ ఇస్తుంది.”

లాఠీ తగిలిందట! నేరమంతా నా మీదకే వచ్చింది. సిగ్గులేకుండా ఒక్క క్షణం పొంగిపోయాను కూడా.

“లాఠీ తనంతట తానే లేచిందా?” అన్నారు జడ్జిగారు. ఆవిడ సాక్షి బోనులో ఉన్న పైడిరాజు వైపు తిరిగారు. “ఆ దెబ్బ పడేసరికి అల్లరి జరుగుతోందా?”

పైడిరాజు బోను కొయ్య గట్టిగా పట్టుకున్నాడు.

“నేదమ్మా. తాలం ఏసింది నానే. అయ్యగారు తియ్యమంటే తీసిందీ నానే. నా సేతిలో కర్ర అయ్యగారే గుంజుకున్నారు. నాను అడ్డెల్లనేదు.”

“సింహాద్రి ఏం చేస్తున్నాడు?”

“మంచినీల్లడుగుతున్నాడమ్మా. అంతే.”

సింహాద్రి చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అల్లరి ఆపడానికి వాడిన బలం వేరు, తాళం పడ్డాక కొట్టిన దెబ్బ వేరు అని తీర్పు వచ్చింది. రెండోదానికి విధి నిర్వహణ ముసుగు చెల్లదన్నారు. భుజంగరావుకి శిక్ష పడింది. సింహాద్రికి ప్రభుత్వం పరిహారం ఇవ్వాలన్నారు. అడ్డుపడనందుకు పైడిరాజు మీదా శాఖాపరమైన విచారణ మొదలైంది. అయినా ఆ రోజు మెట్లు దిగుతున్నప్పుడు అతని నడుం నిటారుగా ఉంది, చేతిలో ఏ కర్రా లేకుండానే.

అప్పీలు గడువు తీరాక నన్ను పారేయమన్నారు. అటెండరు అప్పారావుకి మనసొప్పక కోర్టు వెనక బీరపాదు దగ్గర పాతాడు. బీరతీగకి నేనంటే బొత్తిగా భయం లేదు. రోజూ ఇంత చొప్పున నా నెత్తికెక్కుతోంది.