కుట్టని చొక్కా

తాళం తీసి తలుపు తెరవగానే దర్జీ తన ఆస్తి చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్ల క్రితం ఈ సైనిక శిక్షణ శిబిరానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నవే: కుట్టు మిషను, మామగారిచ్చిన కత్తెర, మెడలో టేపు. చిరుగు ఉన్నట్టే తెలియకుండా కుడతాడన్న పేరు మాత్రం ఇక్కడే సంపాదించాడు. దాన్ని తలచుకుంటే ఇప్పుడు గర్వం కన్నా గుబులే ఎక్కువ.

మిషనుకు నూనె వేస్తుండగా గుమ్మంలో నీడ పడింది. శిక్షణ అధికారి. మడత నలగని ప్యాంటు వల్ల శిబిరమంతా ఆయన్ని చాటుగా ‘ఇస్త్రీ సారు’ అంటుంది. ఆయన చంకలో చుట్టచుట్టిన చొక్కా ఒకటి ఉంది.

దర్జీకి అక్కడే అనుమానం తగిలింది. తన సంచి కూడా తాను మోయని మనిషి ఇంకొకరి చొక్కా మోసుకొచ్చాడు.

“కొత్త బ్యాచ్‌లో ఒకమ్మాయిది. ముళ్లకంచెకి తగిలించుకుంది. సాయంత్రానికి కుట్టి, ఉతికి ఇచ్చెయ్. నీ పనితనం తెలుసుగా, ఏమీ కనపడకూడదు.”

“అలాగే సార్.”

“రిజిస్టర్లో ఎక్కించకు. ఇంత చిన్న పనికి రాతకోతలెందుకు?”

ఇంత చిన్న పనికి అంత పెద్దాయనెందుకు? మాట నాలుక చివరిదాకా వచ్చింది. దర్జీ మింగేశాడు.

ఆయన వెళ్లాక చొక్కాని బల్ల మీద పరిచాడు. మూడు గుండీలు లేవు. గుండీ అరిగి ఊడితే దారం పోగులు మిగులుతాయి. ఇక్కడ దారంతో పాటు గుడ్డే ఊడొచ్చింది. మూడుచోట్ల గింజంత కంతలు. ఎడమ భుజం కుట్టు వెనక్కి విడిపోయింది. ముళ్లకంచె గుడ్డని చీలుస్తుంది గానీ, పై నుంచి కిందికి వరసగా గుండీలు లాగదు. లాగడానికి చెయ్యి కావాలి.

కాలరు లోపల నంబరు: నలభై ఒకటి.

పదకొండేళ్ల క్రితం ఇలాంటిదే ఒక చొక్కా వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయే తెచ్చింది. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. పాపం కొత్త పిల్ల, తిట్లు తింటుందని రెండు గంటలు కూర్చుని పోగు పోగు కలిపి కుట్టాడు. నెల తర్వాత ఆమె గుండె చిక్కబట్టుకుని ఫిర్యాదు ఇచ్చింది. విచారణలో ఆ చొక్కాని వెలుతురుకి ఎత్తిపట్టి, “చిరుగేదమ్మా?” అన్నారు. ఎవరికీ కనపడలేదు. అంత బాగా కుట్టాడు. ఆమె పెట్టె సర్దుకుని గేటు దాటుతుంటే దర్జీ తీరిగ్గా టీ తాగుతూ చూశాడు. సంగతి తర్వాత తెలిసింది. భార్యకి కూడా చెప్పుకోలేదు.

ఈసారి సూది తియ్యలేదు. రిజిస్టరు తీశాడు. కార్బన్ పెట్టి మరీ రాశాడు: నంబరు, తెచ్చినది ఎవరు, ఎన్ని గంటలకు, మూడు గుండీలు గుడ్డతో సహా ఊడినవి, భుజం కుట్టు విడిపోయినది, ఉతకనిది. చొక్కాని కాగితం సంచిలో పెట్టాడు. ప్లాస్టిక్‌లో ఉంచితే చెమట బట్ట కుళ్లుతుంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లిన వేళ ఒకమ్మాయి వచ్చింది. గుమ్మం బయటే ఆగి, గదిలో ఇంకెవరున్నారో, వెనక తలుపుందో లేదో చూసుకుంది.

“నలభై ఒకటి చొక్కా ఇక్కడికొచ్చిందా?”

ఇస్త్రీ సారే పంపాడేమోనని దర్జీ జంకాడు. “ఎవరడగమన్నారమ్మా?”

“నాదే. తనిఖీ అని నా పెట్టెలోంచి పట్టుకెళ్లారు. కుట్టేశారా?”

కుట్టకూడదని కోరుకునేవాళ్లు అడిగే ప్రశ్న అది. దర్జీ అనుమానం సగం తీరింది.

“లేదు. ఉతకనూ లేదు.”

“ఆయన చెప్పింది చెయ్యరా మీరు? మీరు ఆయన మనిషి కాదని నాకేంటి నమ్మకం?”

“నమ్మొద్దు తల్లీ.” సంచిని, జిగురు సీసాని, పెన్నుని గుమ్మం పక్కనున్న స్టూలు మీద పెట్టి, తాను వెనక్కి వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు. “లోపల చూసుకో. నేను రాసిన కాగితమూ అందులోనే ఉంది. మూతి అంటించి, అతుకు మీద నువ్వే సంతకం పెట్టు. తర్వాత వైద్యశాలలో నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్తావో, పొయ్యిలో పడేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం సూది పెట్టను.”

“ఆవిడ ఆయనకి చెప్పేస్తే?”

“ఆవిడ పైవాళ్లు వేరు. నువ్వు ఊ అనకుండా కాగితం కదలదు. నా మాట మీద కాదు, ముందు ఆవిణ్ణే అడుగు. నచ్చకపోతే సంచితో సహా వెనక్కొచ్చెయ్.”

ఆమె కాగితం చదివింది. మళ్లీ చదివింది.

“ఏం జరిగిందని అడగరేం?”

“చొక్కా సంగతి నాకు తెలిసింది రాశాను. మిగతాది నీది. చెప్పుకోవాలో వద్దో నువ్వే చూసుకో.”

సంతకం పెట్టింది. రెండడుగులు వేసి ఆగింది. “మీరూ రండి. పక్కన కాదు. వెనకాల, దూరంగా.”

మెడలో టేపుతో, ఇరవై అడుగుల వెనక, దర్జీ వైద్యశాల దాకా నడిచాడు. ఆమె మూడుసార్లు తిరిగి చూసింది. మూడుసార్లూ దూరం అంతే ఉంది.

పొద్దు వాలుతుండగా ఇస్త్రీ సారు వచ్చాడు. “చొక్కా?”

“చేతకాలేదు సార్.”

“నీకా? ఎవరికి చెబుతున్నావ్ కథలు?”

“ముళ్లకంచె చిరుగైతే కుట్టేవాణ్ణి.”

ఆయన రిజిస్టరు లాక్కుని ఆ పేజీ పరపరా చించాడు. దర్జీ నెమ్మదిగా అన్నాడు, “రెండో ప్రతి సంచితోపాటే వెళ్లిపోయింది సార్.”

ఆయన ముఖాన మొదటిసారి మడత పడింది. “చీకటి పడేలోగా గది ఖాళీ చెయ్.”

అనుకున్నదే. దర్జీ సామాను తోపుడుబండికి ఎక్కించి గేటు చేరేసరికి నర్సమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

“తనే మాట్లాడింది, తనే రాసిచ్చింది. మంచం నా గది పక్కకి మార్పించాను. ఆయన్ని ఆడపిల్లల బ్యారక్ వైపు వెళ్లొద్దని ఇప్పుడే పైనుంచి చెప్పారు. విచారణ వేస్తారట. మీ గది సంగతి కూడా అడగనా?”

“ముందు ఆ పిల్ల పని కానివ్వండి. విచారణలు నేనూ చూశాన్లెండి.”

“ఈసారి మీరూ వచ్చి చెప్పాలి.”

“పిలిస్తే వస్తా. పిలవకపోయినా వస్తా.”

నర్సమ్మ కాస్త తటపటాయించింది. “మిమ్మల్నింకా నమ్మలేదట. చెప్పమంది.”

దర్జీ ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు. “మంచిది. అలాగే ఉండమనండి.”

గేటు దాటాక లెక్క చూసుకున్నాడు. తెచ్చుకున్న మిషను, కత్తెర, టేపు బండి మీదే ఉన్నాయి. సంపాదించుకున్న పేరు పోయింది. రేపటి నుంచి చేతకాని దర్జీ అంటారు. మిగిలింది వెనకాల ఉండిపోయింది. వైద్యశాల బీరువాలో, అతుకు మీద సంతకం ఉన్న కాగితం సంచిలో, మూడు కంతలూ ఎవరికైనా కనపడేలా, ఇరవై ఆరేళ్లలో అతను కుట్టకుండా వదిలిన ఒకే ఒక్క చొక్కా.