పదిహేనువందల మూడు

అద్దాన్ని సానరాయి మీదనుంచి తీసి, తడిచేతిని చొక్కాకు తుడుచుకుని, అతను ఫోన్ తెరిచి చూశాడు. చదరంగం రేటింగ్ పదిహేనువందల మూడు. చెక్కుచెదరలేదు. చెదరడానికి ఆడితేగా.

ఆ అంకె వచ్చి నలభై ఒక్క రోజులైంది. ఓడితే ఎక్కడ పడిపోతుందోనని ఆ రోజే ఆట మానేశాడు. ఆటగాడినని చెప్పుకోవడం మాత్రం మానలేదు. కళ్ళద్దాల దుకాణం వెనక, కిటికీ లేని గదిలో, గోళ్ళ సందుల్లో తెల్లటి గాజుపొడితో పదహారేళ్ళు గడిపినవాడికి దొరికిన గొప్ప అదొక్కటే. అదైనా, తీరిక ఉన్న ఎవడైనా ఎక్కగల మెట్టే.

కౌంటర్ గుమాస్తా తలుపులోంచి తొంగిచూశాడు.

"ఖాళీయేగా, ఒక ఆటేద్దామా?"

"నీ రేటింగెంత?"

"పదకొండొందలు."

"పెంచుకుని రా," అని అతను మళ్ళీ అద్దం మీదకు వంగాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళేసరికి మామగారు పావులు సర్ది కూర్చున్నారు. బట్టలమిల్లులో పనిచేసి, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. రేటింగంటే ఏమిటో ఆయనకు తెలియదు.

"తిన్నాక ఒక్క ఆట, అల్లుడూ."

"రేటింగ్ లేనివాళ్ళతో ఆడితే చెయ్యి పాడవుతుంది మావయ్యా," అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

భార్య గరిటెను గిన్నెలో చప్పుడయ్యేలా పడేసింది. "ఓడిపోతానని భయం నాన్నా, ఈయనకి."

ముసలాయన నవ్వి, పావులను ఒక్కొక్కటిగా డబ్బాలో పెట్టేశారు.

నాలుగింటికి భార్య దుకాణానికి ఫోన్ చేసింది. "నాన్న పడుకున్నారనుకున్నానండీ. లేపితే లేవట్లేదు."

సాయంత్రం పరామర్శకు వచ్చిన గుమాస్తా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈయన మీ మావగారా? పొద్దున్నే లైబ్రరీ వరండాలో ఆడేవారు. నాకు తొమ్మిదిసార్లు ఆట కట్టేశారు. పంతొమ్మిదొందల రేటింగున్నాయన ఒకరొస్తారు, ఆయనా ఈయన ముందు నిలవలేదు."

అతను తలవంచుకున్నాడు. చూసినవాళ్ళు దుఃఖమనుకున్నారు. నిజానికి, ఆడకపోవడమే మంచిదైందని అతని గుండె తేలికపడింది. ఆ తేలికకు సిగ్గుపడాలన్న సంగతి కూడా అతనికి తోచలేదు.

మంచం పక్క కిటికీలో మామగారి కళ్ళజోడు ఉంది. ఎడమ అద్దం నిలువునా బీటవారింది; ఊడిపోయిన కాడను ఆయనే తెల్లదారంతో చుట్టి కట్టుకున్నారు.