గంగామణి చెప్పింది నేను చెప్పను

నేను ఒక తలుపును. ఒంటిరెక్క టేకు తలుపును. పండగపూట నాకు బొట్టు పెట్టినవాళ్ళు లేరు, నా పైన మామిడాకులు కట్టినవాళ్ళు లేరు. నన్ను చేసిందే మూసి ఉంచడానికి. అందుకు నేనేమీ సిగ్గుపడను. తీసి ఉన్న తలుపును మెచ్చుకోవడం మనుషులకు అలవాటు. మూసిన తలుపు కనబడితే చాలు, లోపల ఏదో తప్పు జరుగుతోందని అనుకుంటారు. ఆ అనుమానాన్ని ఇన్నేళ్ళూ మోశాను. ఇకముందు కూడా మోస్తాను. నా పని నాది.

నన్ను నిర్మల్ దగ్గర ఒక వడ్రంగి చేశాడు, ఫొటో స్టూడియోలో ఫిల్ములు కడిగే చీకటి గది కోసం. వెలుతురు వెంట్రుకంత కూడా లోపలికి రాకూడదు. వడ్రంగి నన్ను బిగించాక గదిలో దీపం పెట్టించి, తాను బయట నిలబడి నా అంచులన్నీ వెతికాడు. ఎక్కడ వెలుగు కారితే అక్కడ మళ్ళీ చిత్రిక పట్టాడు. అంత ఒద్దికగా పుట్టాను.

స్టూడియోలో చాలాకాలం బతికాను. ఫొటోలు దిగిపోయిన మరునాటి నుంచే జనం వచ్చి నన్ను బాదేవాళ్ళు, "అయినయా, అయినయా" అంటూ. ఒకసారి ఒక పెళ్ళికొడుకు మేనమామ ఆగలేక నన్ను లాగేశాడు. వెలుతురు పడి ఆ పెళ్ళి ఫొటోల్లో సగం మంది మాయమైపోయారు. మేనమామ కూడా! తన ఫొటో పాడైందని ఆయన స్టూడియోవాడి మీదే గొడవకు దిగాడు.

తర్వాత ఫిల్ముల కాలం పోయింది. స్టూడియో మూతపడింది. పాత కలప అమ్మే దుకాణంలో విరిగిన కిటికీల మధ్య ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ పడి ఉన్నాను. అక్కడి నుంచి నన్ను మత్తు మాన్పించే కేంద్రానికి తెచ్చారు. నిజామాబాద్ జిల్లాలో ఒక పట్టణం చివర ఉంటుందది. ఏ పట్టణమో చెప్పను. ఇకమీదట నేను చెప్పబోయే పేర్లు కూడా అసలువి కావు, నేను పెట్టినవి. ఇంకో మాట. వరండాలో, గేటు దగ్గర, పదిమందిలో జరిగినవే చెబుతాను. గదిలో జరిగినవి అడక్కండి.

అక్కడ జంటలతో మాట్లాడే ఆమెను ఫర్హానా మేడం అందాం. నన్ను బిగించిన రోజు చైర్మన్ గారిని లోపల కూర్చోబెట్టి మాట్లాడమని, తాను వరండాలో నిలబడి చెవి పెట్టి విన్నది. ఏమీ వినబడలేదు. "ఇగ ఇక్కడ పని మొదలుపెట్టొచ్చు" అన్నది.

ఆ చైర్మన్ యశ్వంతరావు ఒకప్పుడు రైసుమిల్లు నడిపినవాడు. తమ్ముడు తాగి తాగి చనిపోతే, ఆ దుఃఖంలో సొంత స్థలంలో ఈ కేంద్రం కట్టించాడు. మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కు ఏమిటంటే, తాము చేసే మంచి పదిమందికీ కనబడాలని వాళ్ళకు మహా తొందర.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కల్లు తాగేవాళ్ళే ఎక్కువ. చెట్టు కల్లు కాదు, మత్తుమందు కలిపి అమ్మే కల్లు. మగవాళ్ళూ తాగుతారు, బీడీలు చుట్టి చుట్టి నడుము పడిపోయిన ఆడవాళ్ళూ తాగుతారు. హఠాత్తుగా మానేస్తే చేతులు వంకర్లు పోతాయి, మెడ బిగుసుకుంటుంది, లేని మనుషులు కనబడతారు. మొగుడు పడిపోతే మోసుకొచ్చే పెళ్ళాలు ఉన్నారు. ఇద్దరూ పడిపోతే ఎవరు మోసుకొస్తారు? అలా ఒకరినొకరు పట్టుకుని, ఇద్దరూ వణుకుతూ వచ్చారు లింబాద్రి, గంగామణి.

లింబాద్రి ఇళ్ళకు రంగులు వేసేవాడు. గంగామణి వాళ్ళ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. ఇద్దరూ పొద్దుగూకగానే కల్లు దుకాణానికి పోయేవాళ్ళు. ఆయన ముందు వరుసలో బెంచీ మీద, ఆమె వెనక తడికె చాటున. ఆయన తాగుతాడని ఊరందరికీ తెలుసు. ఆమె సంగతి మాత్రం తడికె వెనక ఉన్నవాళ్ళకే తెలుసు.

మందులతో ఒళ్ళు కుదుటపడ్డాక ఫర్హానా ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి ముందే చెప్పింది.

"లింబాద్రీ, నువ్వొక్కనివి వచ్చి చెప్పిన మాట నీది. గంగామణి ఒక్కతే వచ్చి చెప్పింది ఆమెది. ఇద్దరు కలిసి చెప్పుకున్నది ఇద్దరిది. ఎవరి ప్రాణానికన్నా ముప్పొచ్చే మాటైతే మాత్రం నేను ఊకోను. అది ఇప్పుడే చెప్తున్న. మిగిలిన ఏ మాట ఈ తలుపు దాటదు."

ఇద్దరూ తలూపారు. తలూపడం సులువే. మొదటిసారి గంగామణి ఒక్కతే లోపలికి వెళ్ళిన రోజు లింబాద్రి ఏం చేశాడో తెలుసా? చెవి తెచ్చి నాకు ఆనించాడు. వెచ్చగా, చెమటగా ఉంది ఆ చెవి. పాపం, ఎంత భయపడితే మనిషి చెక్కకు చెవి ఆనిస్తాడు! నేను ఒక్క అక్షరం కూడా ఇవ్వలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏం జెప్పినవే గంతసేపు?"

"నా మాటలు."

"నా మీద జెప్పినవా?"

"నా మాటలని జెప్తున్న గదా."

అతను నేరుగా ఫర్హానా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "మేడం, నేను దాని మొగన్ని. అదేం జెప్పిందో నాకు దెల్వాలె."

"సరే. మరి నువ్వు మొన్న ఒక్కనివే వచ్చి చెప్పింది గంగామణికి చెప్పమంటవా?"

లింబాద్రి ముఖం మాడిపోయింది. "గదెట్ల? అది మీకు జెప్పిన, దానికి గాదు."

"ఇదీ అంతే."

లింబాద్రి వరండా మెట్లు దిగి పోయాడు. ఆ రోజంతా భార్యతో మాట్లాడలేదు. అలిగాడనుకున్నాను. కానీ తర్వాత ఒంటరిగా లోపలికి వచ్చినప్పుడు, కుర్చీని గోడకు దూరంగా, ఫర్హానాకు దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు. అంతవరకే చెబుతాను. వాళ్ళ చిక్కులు అప్పటి నుంచే కొద్దికొద్దిగా విడిపోవడం మొదలైందని నా నమ్మకం. తన రహస్యం భద్రంగా ఉందని తెలిసిన మనిషికి ఎదుటివాళ్ళ రహస్యంతో పనిలేకుండా పోతుంది.

కేంద్రం నుంచి ఇంటికి వెళ్ళాక వారానికోసారి వచ్చేవాళ్ళు. చెట్టు నీడన కూర్చుని తెచ్చుకున్న సద్ది విప్పుకుని తినేవాళ్ళు. ఒకరోజు అలా తింటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. చైర్మన్ అటుగా పోతూ ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. ముచ్చటపడే కొట్టాడు, కాదనను. తర్వాత లింబాద్రిని పక్కకు పిలిచి, "నీ సంగతి నలుగురికి చెప్తే నలుగురు మారుతరు. ఏమంటవ్?" అన్నాడు. పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేసి అడిగాడాయె. "మీ ఇష్టం సార్" అన్నాడు లింబాద్రి. గంగామణి చెట్టు కింద గిన్నెలు కడుక్కుంటోంది. ఆమెను ఎవరూ అడగలేదు.

కొన్నాళ్ళకు పెద్దలను పిలిచి కేంద్రంలో సభ పెట్టారు. ఆ రోజున గేటుకు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. "కల్లును గెలిచిన ఆదర్శ దంపతులు" అని పెద్ద అక్షరాలు. కింద ఇద్దరి పేర్లు, ఊరి పేరు. ఆ నవ్వు ఫొటో. శాలువాలు ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టి ఉంచారు.

లింబాద్రితో వచ్చిన గంగామణి గేటు దగ్గర ఆటో దిగి ఆగిపోయింది. చదువు పెద్దగా రాదు కానీ తన ముఖం తనకు తెలుసు కదా.

"గిది ఎవలు గట్టిండ్రు?"

చైర్మన్ నవ్వుతూ ఎదురు వచ్చాడు. "సిగ్గెందుకమ్మా? గర్వంగ నిలబడాలె. నీ మొగడు ఒప్పుకున్నడు."

"ఆయన తాగింది ఆయన ఒప్పుకుంటడు సార్. నేను తాగింది ఒప్పుకోనీకి ఆయనెవలు?"

షామియానా కింద కుర్చీలు వేస్తున్నవాళ్ళు చేతులాపి చూశారు.

"రేపు బడికాడికి పిల్లల తల్లులొస్తరు. తాగుబోతుది వండితే మా పోరలు తినరంటరు. గప్పుడు నేనేం జెయ్యాలె? మీ శాలువ గప్పుకొని ఇంట్ల గూసోవాల్నా?"

చైర్మన్ గొంతు మారింది. "నా తమ్ముడు దాచుకొని దాచుకొనే సచ్చిండు. దాచుడే రోగం. నీకు తెల్వదు."

"దాచుకున్నడో, చెప్పుకునే జాగనే దొరకలేదో" అన్నది గంగామణి. "నాకు ఆ జాగ దొరికింది సార్. దాన్ని దీస్కచ్చి మీరు గేటుకు గట్టిండ్రు."

లింబాద్రి అంతసేపూ నేల చూస్తున్నాడు. ఉన్నట్టుండి షామియానావాళ్ళ నిచ్చెన లాక్కుని గేటుకు వేశాడు. గోడలెక్కి బతికినవాడు, చకచకా ఎక్కాడు. ఒక్కో తాడూ విప్పాడు. ఫ్లెక్సీ కిందికి జారి మడతలు పడింది.

"ఏయ్, నీ మొకమన్నా ఉండనియ్యి. నువ్వు ఊ అన్నవు గద" అని కింద నుంచి చైర్మన్ అరిచాడు.

"అన్న సార్. దీన్ని అడుగకుంట అన్న. పైన దంపతులని రాసిండ్రు. నా మొకం గడితే దీని మొకం గట్టినట్టే. గింత చిన్న ముచ్చట నాకు నిచ్చెన ఎక్కినంక సమజైంది."

ఫ్లెక్సీని చుట్టి చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ అదే ఆటోలో వెళ్ళిపోయారు. ఊరివాళ్ళెవరూ అప్పటికి రాలేదు, అది అదృష్టం. వాళ్ళు పోయేటప్పుడు ఫర్హానా గేటు తెరిచి పట్టుకుంది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

పెద్దల ముందు పరువు పోయిందని చైర్మన్‌కు కోపం. మర్నాడు మనుషులను పెట్టి నన్ను కీళ్ళ దగ్గర ఊడదీయించాడు. "ఇగ దాపరికాలు బంద్. అద్దాల తలుపు తెప్పిస్త. లోపల ఏం నడుస్తున్నదో అందరు చూస్తరు" అన్నాడు. నన్ను వరండాలో గోడకు ఆనించి నిలబెట్టారు. ఒక తలుపు తన వాకిలిని ఎదుట నిలబడి చూడడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. నోరు తెరిచి పెట్టినట్టు ఉంది ఆ గది.

ఫర్హానా పని మానలేదు. రోజూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. "తలుపు వచ్చేదాకా ఎవ్వరినీ ఏమీ అడగను సార్" అని మాత్రం చెప్పింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. జంటలు వరసగా లోపలికి పోతున్నారు, కూర్చుంటున్నారు, లేచి వస్తున్నారు. మాట లేదు. ఒక పెద్దాయన పెళ్ళాం పక్కన కూర్చుని గోడ మీద బల్లిని చూసి వచ్చాడు. ఒకామె బీడీల చాట తెచ్చుకుని చుట్టుకుంటూ కూర్చుంది. తమ వంతు రోజున గంగామణి, లింబాద్రి కుర్చీలు వాకిట్లోకి లాక్కుని, వరండావైపు తిరిగి కూర్చున్నారు. "గాలి మంచిగొస్తున్నది మేడం" అన్నది గంగామణి.

చైర్మన్ వచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు. "ఏమైంది? ఏం మాట్లాడ్తలేరు?"

"తలుపు లేదు సార్."

ఎవరిని అడిగినా అదే మాట. తిట్టలేదు, కేకలు వేయలేదు. కల్లు దుకాణంలో మాటకు ముందు బూతు వచ్చేవాళ్ళు కూడా ఎంతో మర్యాదగా చెప్పారు. మనుషులు మర్యాదగా మొండికేస్తే ఎదిరించడం చాలా కష్టం. అది ఆయనకు అనుభవంలోకి వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఫర్హానా భోజనానికి లేచాక, చైర్మన్ ఆ గదిలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో నాకు తెలియదు. కళ్ళు మూసుకున్నాడు. అటు పోయేవాళ్ళు నమస్కారం పెట్టారు. ఇటు వచ్చేవాళ్ళు పలకరించారు. వంటామె వచ్చి "పానం మంచిగలేదా సార్?" అని అడిగింది. కాసేపటికి లేచి వచ్చి నా ముందు ఆగాడు. నా మీద అరచెయ్యి పెట్టాడు.

"లింబాద్రిని పిలువుర్రి" అన్నాడు. "ఇది మళ్ళ పెట్టమనుర్రి. అద్దాలు వద్దు."

లింబాద్రి నన్ను ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త రంగు వేసి, మళ్ళీ కీళ్ళకు ఎక్కించాడు. గంగామణి లోపల నిలబడి గడియ వేసి తీసి, వేసి తీసి చూసింది. "పడ్తున్నది" అన్నది. వాళ్ళిద్దరి వంతు ఆ రోజు చాలాసేపు నడిచింది.

గంగామణి ఇప్పటికీ అదే బడిలో వండుతోంది. పప్పు బాగుంటుందని పిల్లలు అంటారట, ఆమే వరండాలో అందరికీ చెబుతుంది. వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడైనా జారారా, జారితే ఎవరు ఎవరిని లేపారు, ఆ మొదటిరోజు ఆమె ఎందుకు ఏడ్చింది అని మీరు అడుగుతారు. అడగండి. నిర్మల్ టేకును నేను, మీ చెవి కూడా ఆనించి చూడండి.

ఈ మధ్య ఒక సాయంత్రం ఒక జంట వచ్చింది. కారు దూరంగా ఆపి నడిచి వచ్చారు. పెద్దవయసు వాళ్ళు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన లోపలికి అడుగుపెట్టాక వెనక్కి తిరిగి, వరండాలో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. గడప దాటుతూ నా మీద ఆనించిన ఆ అరచెయ్యి నాకు కొత్త కాదు. మీరు ఊహించుకుంటే ఊహించుకోండి, నేను మాత్రం అవుననను, కాదనను.

"కొంచెం తలుపు వెయ్యమ్మా" అన్నాడు ఫర్హానాతో, మెల్లగా.

మూసుకున్నాను. ఆయనకు కూడా.