అమావాస్య చెంబు

నేను ఒక డీజిల్ కారును. ఇంజను పట్టేసి, చక్రాలు ఊడదీయించుకుని, పాత ఇనుప సామాన్ల దొడ్డిలో బోర్లాపడ్డ బీరువా పక్కన పడి ఉన్నాను. నన్ను చంపిందెవరో జమ్మికుంటలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్లు చెప్పేది అబద్ధమని నాకు తెలుసు. ఇంకొకరికీ తెలుసు.

నా మొదటి యజమాని రోడ్ల కాంట్రాక్టరు. రెండో యజమాని ఒక డాక్టరు. గతుకు తగిలినప్పుడల్లా ఆయన నన్ను తిట్టేవాడు గానీ, ఆ రోడ్డు వేసింది నన్ను తనకు అమ్మినవాడేనని ఆయనకు తెలియదు. ఇద్దరూ నన్ను వాడుకున్నారు. ప్రేమించింది మాత్రం మూడో యజమాని ఓదెలు. జమ్మికుంట నుంచి వరంగల్‌కు కిరాయికి తిప్పేవాడు. నా రేడియేటరు కాస్త కారుతుండేది కాబట్టి పొద్దున్నే బానెట్ లేపి, చిన్న ఇత్తడి చెంబుతో నీళ్లు పోసేవాడు. అమావాస్య వస్తే కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవాడు. అతని భార్య రాజమణి గడపలో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ ఇదంతా చూసేది.

"నీ ముద్దుల పెండ్లానికి నీళ్లు తాపినవా?" అని ఎగతాళి చేసేది.

"నువ్వు అలిగినా అన్నం పెడ్తవ్. ఇది అలిగితే నడిరోడ్డు మీద నిలవెడ్తది" అనేవాడు ఓదెలు.

లేచిన బానెట్ అడ్డం కాబట్టి ఆమెకు కనిపించేది వంగిన చెంబు ఒక్కటే. నీళ్లు ఏ నోట్లో పడుతున్నాయో ఆమె ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు టాక్సీ అడ్డాలో చాయ్ తాగుతూ ఓదెలు ఒరిగిపోయాడు. నా ఇంజను అప్పటికింకా వేడిగానే ఉంది. దినాలు అయ్యాక అతని తమ్ముడు సమ్మయ్య వచ్చాడు. ఇతనూ డ్రైవరే. సొంత బండి లేక, ఎవరు పిలిస్తే వాళ్ల బండి తోలుతాడు.

"వదినా, నేను నడుపుత. వచ్చింది చెరిసగం తీసుకుందాం" అన్నాడు.

మొగుడి సీట్లో ఇంకొకరు కూర్చుంటే చూడలేనంది రాజమణి. తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది. వారానికోసారి స్టార్టన్నా చేయనిమ్మని, నిలబెట్టిన బండి పాడవుతుందని సమ్మయ్య ఎన్నిసార్లు బతిమాలాడో! చివరికి ఒకనాడు విసుగెత్తి, వాకిట్లో నలుగురూ వింటుండగా, "అయితే అట్లనే కుళ్లబెట్టు!" అని అరిచి వెళ్లిపోయాడు. నోరు జారిన మాటను లోకం ఎంత భద్రంగా దాచిపెడుతుందో అప్పటికి అతనికి తెలియదు.

కుళ్లబెట్టాలని ఆమెకు లేదు. అమావాస్య అమావాస్యకూ నన్ను కడిగేది, బొట్లు పెట్టేది, బానెట్ లేపేది. రేడియేటరు మూత ముందు అంచున ఉంటుంది, తిప్పాలంటే గట్టిగా నొక్కాలి. ఇంజను నెత్తిన ఇంకో మూత ఉంది, పెద్దది, తేలిగ్గా తిరుగుతుంది. అది ఇంజను నూనె పోసే నోరు. రాజమణి ఆ మూత తీసి, కళ్లు మూసుకుని, ఆ చెంబెడు నీళ్లు భక్తిగా నా కడుపులో పోసేది. ఏడాది పైగా పోసింది. లోపల నూనె పైకి తేలింది, నీళ్లు అడుగున చేరాయి, నా ఇనుప ఎముకలు ఒకదాన్నొకటి తుప్పుతో పట్టుకున్నాయి. అంత ప్రేమగా ఎవరూ ఎవరినీ చంపి ఉండరు.

బీడీలు చుట్టీ చుట్టీ ఆమె భుజం పడిపోయింది. గత్యంతరం లేక సమ్మయ్యను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టింది. అతను నాకు పూలదండ తెచ్చాడు. కళ్లకద్దుకుని తాళం తిప్పితే 'టక్' మని ఊరుకున్నాను. కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టినా అదే 'టక్'.

మెకానిక్ కొమురెల్లి వచ్చాడు. తన కంటే తెలిసినవాడు జిల్లాలో లేడని అతని నమ్మకం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ముందున్న పెద్ద నట్టుకు పొడుగాటి రాడ్డు తగిలించి ఊగాడు. నేను మొత్తం ఊగానే తప్ప ఇంజను వెంట్రుకవాసి తిరగలేదు. నూనె కొలిచే పుల్ల లాగి చూస్తే పాలు కలిపిన చాయ్ రంగు. కింద పడుకుని ఇంజను నూనె దించే బోల్టు విప్పాడు. ముందు నీళ్లు, చాలా నీళ్లు, ఆ తర్వాత నూనె వచ్చింది.

"ఆయిల్‌ల నీళ్లు పోసిండ్రు" అన్నాడు లేచి. "బానెట్ ఎవరు తీస్తరక్కా?"

"నేనే. అమావాస్యకు నీళ్లు పోస్త, ఆయన పోసినట్టే."

"రేడియేటర్‌ల పోస్తే మంచిదే. ఇది ఎవడో తెలిసినోడి పని. ఎక్కడ పోస్తే బండి చస్తదో డ్రైవర్‌కే ఎర్క."

ఆ రేడియేటరు మూత ఒక్కసారి తిప్పి ఉంటే ఎండిపోయిన లోపలి భాగం కనిపించేది. అంతటి మొనగాడూ తిప్పలేదు. అందరి కళ్లూ సమ్మయ్య మీద పడ్డాయి. కుళ్లబెట్టమన్న మాటను ఎవరో గుర్తు చేశారు.

"ఇది నీ అన్న పానం రా! నీళ్లు పొయ్య చేతులెట్లొచ్చినయ్?" అని గుండెలు బాదుకుంది రాజమణి.

"అన్న మీద ఒట్టు వదినా, నేను ముట్టలే!"

ఎవరూ వినలేదు. సొంత అన్న బండినే చంపినవాడు మన బండిని బతకనిస్తాడా అని, అడ్డాలో యజమానులు అతన్ని పిలవడం మానేశారు. స్టీరింగ్ తప్ప వేరే పని తెలియని మనిషి పత్తి మార్కెట్లో బస్తాలు మోయడానికి పోయాడు.

చచ్చిన బండికి బోల్టెందుకని కొమురెల్లి దాన్ని బిగించకుండానే వెళ్లాడు. అమావాస్య వచ్చింది. నన్ను తుక్కు కింద అమ్మేసినా, చివరిసారి నీళ్లు తాపుదామని రాజమణి బానెట్ లేపింది. అదే మూత, అదే చెంబు. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి జారి ఆమె పాదాల దాకా పారాయి. వంగి చూసింది. మిగిలిన నీళ్లు కూడా పోసి మళ్లీ చూసింది. కొమురెల్లి విప్పిన రంధ్రం నుంచే కారుతున్నాయి.

ఏడుస్తుందనుకున్నాను. సమ్మయ్య ఇల్లు రెండు సందుల అవతలే, పరుగెత్తుతుందనుకున్నాను. ఆమె మూత గట్టిగా బిగించింది, కొంగుతో తడి తుడిచింది, కింద తడిసిన నేల మీద కాలితో మట్టి లాగింది. నాకు జాలి కలిగింది. అంతకు మించి అసహ్యం కలిగింది.

మర్నాడు తుక్కు లారీ వచ్చింది. తల నిండా పత్తి పీచుతో సమ్మయ్యా వచ్చాడు.

"ఊరు ఏమన్నా అననీ వదినా. నువ్వొక్కదానివి నమ్ము. నేను పొయ్యలే."

వాడకట్టంతా చూస్తోంది. రాజమణి నా బానెట్ వైపు చూసింది.

"పోనీ సమ్మయ్యా. అయిందేదో అయింది. నేను మాఫ్ చేసిన."

ఎంత పెద్ద మనసని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. క్షమించాక సమ్మయ్య ఇంకేం వాదిస్తాడు? లారీ ఎక్కించేటప్పుడు నాకు వెనక నుంచి భుజం పెట్టి నెట్టింది అతనే.

చెమటలు కక్కుతున్న మరిదికి రాజమణి అదే ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, దించకుండా తాగాడు.