సొర్లగొంది బోటు అతుకు

బందరు పక్కన గిలకలదిండిలో ఫైబర్ బోటుకి చిల్లు పడ్డా, పొడవు పెంచాలన్నా అందరూ బాబ్జీనే పిలిచేవారు. చిన్న బోటును వెనకవైపు కోసి, నాలుగడుగుల కొత్త ముక్క అతికించి పెద్దది చేయడంలో అతనికి మంచి పేరుంది. అలా తొమ్మిది బోట్లు చేశాడు. ఏ ఒక్కరూ వచ్చి మాట అనలేదు.

పక్కింటి సత్యవతి కూతురు హారిక గుడివాడలో ఎం.టెక్ చదువుతోంది. వేసవిలో ఇంటికొచ్చినప్పుడు, "బాబాయ్, బోటుకి ఎలా అతుకుతావో అచ్చం అలాగే అతికి ఇరవై ముక్కలు చేసివ్వు, ప్రాజెక్టుకి" అని అడిగింది. బాబ్జీ మురిసిపోయాడు. బోటుకి వాడే అదే రెసిన్ జిగురు, అదే ఫైబర్ మ్యాట్ వాడి చేసిచ్చాడు. హారిక సగం ముక్కలు పొడిగా ఉంచి, సగం వెచ్చటి సముద్రపు నీళ్ళలో ఆరు నెలలు నానబెట్టింది.

పరీక్ష రోజు అతన్నీ కాలేజీకి రమ్మంది. పొడి ముక్కను మిషన్ రెండు వైపులా లాగింది. చాలాసేపు బిగుసుకుని, చివరికి ఫట్‌మని విరిగింది. విరిగింది అతుకు పక్కన. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. బాబ్జీ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తరవాత నానిన ముక్క పెట్టారు. సగం బరువు కూడా పడకముందే, చప్పుడు లేకుండా, ఉడికిన చిలగడదుంప తొక్కలా అతుకు ఊడొచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"వెచ్చటి నీళ్ళు కదమ్మా, అందుకేమో?"

"వేడి తొందరపెడుతుంది బాబాయ్, అంతే. అంచుల్లోంచి ఉప్పునీరు లోపలికి పాకితే అతుకు పట్టు వదిలేస్తుంది. అసలు బోటుకి ఎన్నేళ్ళు పడుతుందో నేను కచ్చితంగా చెప్పలేను. పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది."

బందరు బస్సులో అతనికి కిటికీ బయట ఏం పోతోందో తెలియలేదు. అన్నిటికంటే ముందు అతికింది సొర్లగొంది కోటయ్య బోటు. నాలుగేళ్ళు దాటింది. నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. చెబితే ఈ జన్మకి మళ్ళీ ఎవరూ బోటు చేతికివ్వరు. ఇంటికెళ్ళి కోటయ్యకి ఫోన్ చేస్తే కలవలేదు.

తెల్లారి, ఫైబర్ కోసే గ్రైండర్ సంచిలో పెట్టుకుని దివిసీమ బస్సెక్కాడు.

సొర్లగొందిలో కోటయ్య భార్య నాంచారమ్మ చేపలు ఎండబెడుతోంది. "పొద్దున్నే వేటకెళ్ళారు అన్నయ్యా, నలుగురు. ఏం, అట్టా ఉన్నావు?"

బాబ్జీ దాచలేకపోయాడు. జరిగింది చెప్పాడు. ఆమె చేతిలోని చేప కింద పడిపోయింది.

"తెలిసే చేశావా?"

"లేదమ్మా. నాకు నేర్పినోడు చెప్పలేదు, నేనూ అడగలేదు."

ఆమె చేపలు అక్కడే వదిలేసి ఒడ్డుకి నడిచింది. ఇద్దరూ ఒడ్డున నిలబడ్డారు. ఎండ నడినెత్తికెక్కింది. గాలి తిరిగింది. రెండు బోట్లు వచ్చాయి, అవి వేరేవాళ్ళవి. మధ్యాహ్నం మూడు దాటాక కోటయ్య బోటు కనిపించింది. నాంచారమ్మ ఇసకలో కూలబడి ఏడ్చింది.

కోటయ్య విని నవ్వాడు. "చుక్క నీరు రాలేదు బావా! పిల్లల చదువుల మాటలకి బోటు కోస్తావా?"

"అందులో తేడా ఏమీ లేకపోతే నీ బోటు కొత్తదానిలా చేసిస్తా. చూడనీ."

"కొయ్యి" అంది నాంచారమ్మ. "ఆయన్నేం అడుగుతావు? నేను చెబుతున్నా, కొయ్యి."

బోటును ఒడ్డుకి లాగాక బాబ్జీ అతుకు మీద గ్రైండర్ పెట్టాడు. పై పొర గట్టిగా, మెరుస్తూ ఉంది. తాను పొరబడ్డానేమో అని ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఇంకొంచెం లోపలికి దిగేసరికి పులిసిన వాసనతో నీళ్ళు కారాయి. లోపలి పొరలు తెల్లగా, విడివిడిగా చేతికొచ్చాయి. అరచేతి వెడల్పు మేర అసలు పట్టే లేదు.

కోటయ్య అందులో వేలు పెట్టి చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"ఇట్టాంటివి ఎన్ని?"

"నీది కాక ఎనిమిది."

బాబ్జీ అక్కడే ఉండిపోయి ఆ అతుకు మొత్తం తీసేశాడు. హారికని అడిగి వేరే రకం రెసిన్ తెప్పించాడు. అతుకు వెడల్పు రెట్టింపు చేసి, బోల్టులు బిగించి, అంచులు మూశాడు. ఇదీ ఎన్నాళ్ళుంటుందో తెలియదని, ఏటా కోసి చూడాలని కోటయ్యకి ముందే చెప్పాడు. కోటయ్య తలూపాడు గానీ, మునుపటిలా భుజం తట్టలేదు.

మిగతావాళ్ళలో ఏడుగురు అతుకు కోసి మళ్ళీ చేయడానికి ఒప్పుకున్నారు. కొందరు తిట్టి ఒప్పుకున్నారు. ఎనిమిదోవాడు వెంకట్రామయ్య. సీజన్‌లో బోటు ఆపనంటే ఆపనన్నాడు. "నీ చేతులు ఇంకోసారి నా బోటుమీద పడనివ్వను" అని గేటు దగ్గర్నుంచే పంపేశాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం, బోట్లు ఒడ్డుకి చేరే వేళకి బాబ్జీ అతనికి ఫోన్ చేస్తాడు. చాలాసార్లు ఎత్తడు. ఎత్తిన రోజున, "వచ్చాలే" అని ఒక్క ముక్క అని పెట్టేస్తాడు.