క్లబ్బు రైఫిలు

తోడల్లుడు కాల్చిన పది గుండ్లూ నల్లచుక్కలోనే పడ్డాయని తెలియగానే వాచీ మెకానిక్ టార్గెట్ అట్ట లాక్కుని చిల్లులు తనే మళ్ళీ లెక్కపెట్టాడు.

మెకానిక్ రెండేళ్ళుగా షూటింగ్ క్లబ్బుకు వస్తున్నాడు. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. వెంట్రుకంత స్ప్రింగును పట్టే చేతికి ఇంకొకరు నేర్పేదేమిటని ధీమా. తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, చేరి రెండు నెలలే. బేకరీలో పిండి పిసికే మనిషి. వచ్చిన రోజే కోచ్ మేడం క్లాసులో చేరిపోయాడు. ఆవిడ మొదటి నెలంతా గుండే ఇవ్వలేదు. ఖాళీ రైఫిలు గొట్టం మీద చొక్కా బొత్తాం పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కమంది.

"తర్వాత బొత్తాలు కుట్టడం కూడా నేర్పుతుందా తమ్ముడూ?" అని మెకానిక్ ఇంట్లో అందరి ముందూ ఎగతాళి చేశాడు.

"నవ్వండి బావా, నవ్వండి. ఆదివారం ఎవరి పళ్ళు బయటపడతాయో చూద్దాం," అంది మరదలు.

ఆ ఆదివారం ఇదే. పక్క ఊరి క్లబ్బుతో పోటీకి వెళ్ళే జట్టులో ఒక్క చోటు మిగిలింది. ఈ ఇద్దరిలో ఒకరికే. నియమం ఒక్కటే: ఇద్దరూ క్లబ్బు రైఫిలుతోనే కాల్చాలి.

మెకానిక్ వంతు వచ్చింది. పది కాల్చాడు. పదీ చుక్క దాటి కిందికి, కుడివైపుకి పోయాయి.

"దీని గురి వంకర మేడం! నా రైఫిలుతో అయితే నడిమధ్యలో పడతాయి."

"మీ తమ్ముడు కాల్చిందీ దీంతోనేగా?"

"వాడంటే మీకు..." మిగతాది మింగేశాడు.

"సరే, ఇంకొక్కటి." మేడం తనే లీవరు లాగి, మూసి, రైఫిలు అందించింది.

ఊపిరి బిగబట్టి నొక్కాడు. టిక్కుమంది, అంతే. ఆవిడ గుండు పెట్టనే లేదు. గుండు లేని రైఫిలు మూతి మాత్రం అంగుళం మేర కిందికి, కుడికి కుంగింది. అందరూ చూశారు.

"తప్పు రైఫిలుది కాదు. నొక్కేటప్పుడు మీ చెయ్యి ఉలిక్కిపడుతోంది. ఆ తప్పుకు సరిపడా మీ సొంత రైఫిలు గురిని పైకి, ఎడమకి తిప్పుకున్నారు. గడియారం వెనకబడుతుంటే బాగు చేయించకుండా రోజూ ముల్లు తిప్పుకునేవాణ్ణి మీరేమంటారు?"

ఏమంటాడో అతనికి తెలుసు. దుకాణంలో రోజూ అంటూనే ఉంటాడు.

"అన్నయ్యా, మొదట్లో నాకూ ఇలాగే..." అంటూ తోడల్లుడు దగ్గరికొచ్చాడు.

"నువ్వు మాట్లాడకు!"

జట్టులో చోటు తోడల్లుడికే దక్కింది. మేడం అప్పుడే అతన్ని నిలబెట్టి, మోచేతిని రెండు వేళ్ళతో కొద్దిగా లోపలికి జరిపింది. మెకానిక్ కళ్ళు ఆ వేళ్ళ మీదే ఉండిపోయాయి. రెండేళ్ళలో తన మోచేతిని ఎవరూ అలా జరపలేదు. తనే జరపనివ్వలేదు.

"మేడం, నాకెన్నాళ్ళు పడుతుంది?"

"ఆయనకి రెండు నెలలు పట్టింది. మీకు నాలుగు. రెండు మర్చిపోడానికి, రెండు నేర్చుకోడానికి."

"అయితే వాడి క్లాసులోనే..."

"ఆయన పై క్లాసుకి వెళ్ళారండీ. మీరు సోమవారం పొద్దున్నే, కొత్తవాళ్ళతో."

క్లాసులో చేరే కాగితం చేతికిచ్చింది. అనుభవం అన్న చోట 'రెండేళ్ళు' అని రాశాడు. తోడల్లుడు భుజం మీదుగా తొంగిచూస్తున్నాడు. వాడికి వీపు అడ్డం పెట్టి, ఆ మాట కొట్టేసి, 'లేదు' అని రాశాడు.